చెక్‌పోస్టులో రాగిసంగటి

అమ్మా సువర్ణా,

కాళ్ళు తప్ప మిగతా అంతా క్షేమం. ఈ కాశ్మీరు కొండల్లో మన ప్రీపెయిడ్ ఫోన్లు పలకవు, అందుకే కార్డు. టీవీ చూసి బెంగపడొద్దని మీ అమ్మకు చెప్పు.

సరిహద్దు పల్లెలు చూపించే గైడు నోరు జాగ్రత్త అన్నాడు. నోరైతే మూసుకున్నాను, పట్టుబడింది సంచి. మీ అమ్మ గుడ్డలో మూటగట్టిన రాగిపిండి చూసి, ఇదేం పొడి అని మిలిటరీవాళ్ళు ఆపేశారు. బస్సులో వాళ్ళంతా రెండు గంటలు చలిలో నిలబడ్డారు. వెనక్కి పంపేస్తారని గైడు ముఖం పాలిపోయింది. చివరికి వాళ్ళ పొయ్యి మీదే సంగటి కెలికి, ముద్ద మింగి చూపించాను. సంగటి నమలకూడదు, మింగాలని వివరించేసరికి ఇంకో అరగంట. ఇంతలో ఒక హవల్దారు పరుగెత్తుకొచ్చాడు.

"యా ఊరు తాతా?"

"హిందూపురమప్పా."

"మాది మీ పక్కనే, గౌరిబిదనూరు! ఏడాదాయె ముద్ద తిని. నాకూ పెట్టు!"

మూడు మింగాడు. మమ్మల్ని వదిలారు. మిగిలిన పిండి అతనికే ఇచ్చేశాను, నాకింక చపాతీలే.

మేడ మీద ట్యాంకు కడిగించారా? ఆ హవల్దారు తల్లి నంబరు కింద రాశాను. బాగా తింటున్నానని కొడుకు చెబితే ఆమె నమ్మదట. మా నాయన కళ్ళారా చూశాడని నువ్వు చెప్పు.

పిల్లలకు దీవెనలు.

మీ నాయన