కప్పు చీల్చుకొచ్చిన రాయి

2016 జూన్ 14, మంగళవారం. మబ్బు, ఉక్కపోత. పొద్దున మేకల పాకకు కొత్త తాటాకు కప్పాను.

బావా, క్వారీలో మందు పేలి మళ్లీ రాళ్లెగిరాయి. పోయినేడు నీ తల పగలగొట్టి ప్రాణం తీసినట్టే, ఇవాళ ఒక రాయి కప్పు చీల్చుకొచ్చి చూలుమేక నడుం విరిచి చంపింది.

ఏదో గ్రహాన్ని ఉల్క ఢీకొడితే ఎగిరిన రాళ్లమీద భూమికి ప్రాణం వచ్చి ఉండొచ్చని నువ్వు చదివి చెప్పేవాడివి. "అంత దెబ్బకి ఏటి బతుకుతాది, బావా?" అని నవ్వేవాణ్ణి.

నెత్తురంటిన ఆ రాయి పగులులోంచి చీమలు గుడ్లు మోసుకుంటూ బయటికొచ్చాయి. నీ ఇల్లాలికి, మా చెల్లికి చూపించి, నీ మాట చెప్పాను.

"సీమలు బతికినాయి గదా, అన్నియ్యా! మరి మీ బావేటి పాపం సేసినాడు?" అని రాయిమీదికి గునపం ఎత్తింది. చెయ్యి అడ్డం పెట్టాను. చీమలు నా చేతిమీదుగా గోడెక్కాయి.

ఇక మేకను పాతిపెట్టాలి, బావా.