సూళగిరి మండపానికి కంప్యూటరు పెట్టిన కిటికీలు

సూళగిరి, సోమవారం

హోసూరు ఆఫీసులో కంప్యూటరు పని చూసే దివ్యశ్రీ అమ్మకు, శ్రీరంగప్ప ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. మా కల్యాణ మండపం మాత్రం క్షేమంగా లేదు, అందుకే హోసూరు బస్సులో ఈ ఉత్తరం పంపుతున్నాను. ఎండ లెక్క కట్టి ఎంత పెద్ద ఏసీ కావాలో చెప్పమని మీ ఆఫీసుకు ప్లాను ఇచ్చాం కదా. మీ కంప్యూటరు గీసి పంపిన బొమ్మ చూశాం. ప్లానులో పక్క గోడలకు ఆరేసి కిటికీలున్నాయి. మీ బొమ్మలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే కిటికీ! చదువుకున్నవాళ్ల మాట కాదనలేక, కిటికీల మధ్య గోడంతా మేస్త్రీ మునిరాజ్ చేత కొట్టించేశాను. వచ్చే నెల, మండే ఎండల్లో, మా అమ్మాయి పుష్పావతి పెళ్లి ఇందులోనే. మీ లెక్క రానిదే ఏసీ కంపెనీవాళ్లు కదలరట. కాస్త త్వరపడండమ్మా.

ఇట్లు,
ఒంటి కిటికీ శ్రీరంగప్ప

తా.క.: "ఇంక పైకప్పు దేనిమీద నిలబడాలప్పా? అదీ ఆ కంప్యూటర్నే అడుగు" అంటున్నాడు మునిరాజ్.

హోసూరు, మంగళవారం

గౌరవనీయులైన శ్రీరంగప్ప గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివిన వెంటనే ఇది రాస్తున్నాను. దయచేసి ఇంకేమీ కొట్టించకండి! మా సాఫ్ట్‌వేర్‌లో కిటికీలను కొలతలు ఇచ్చి ఒక్కొక్కటిగా పెట్టొచ్చు. లేదంటే గోడలో ఇంత వంతు అద్దం అని ఒక్క అంకె వేసి ఊరుకోవచ్చు. పని తొందరగా తెములుతుందని నేను అంకె వేశాను. అది అద్దమంతా కలిపి ఒకటే పట్టీగా గీసింది. వచ్చే వేడి ఇంచుమించు ఒకటేలెమ్మని నేనూ పట్టించుకోలేదు. ఇప్పుడు అన్నీ విడివిడిగా పెట్టాను, కొత్త బొమ్మ పంపుతున్నాను. గోడలు మళ్లీ కట్టించండి. ఒక్క సలహా: పడమటి ఎండ ఎక్కువగా ఉంది. పడమటి గోడ ఆరు కిటికీల్లో మూడు మూసేస్తే చిన్న ఏసీతో సరిపోతుంది.

ఇది నేను ఒంటరిగా చేస్తున్న మొదటి పని. నా మీద కోపం పెట్టుకోకండి.

ఇట్లు,
దివ్యశ్రీ

తా.క.: ఫోను చేయలేదని అనుకోకండి. ఏ మాటైనా సంతకంతో కాగితం మీదే ఉండాలని మా మేనేజరు ఉపేంద్ర గారి పట్టు. ఆయనకు సెలవు కావాలన్నా ఆయనకే అర్జీ రాసుకుని ఆయనే మంజూరు చేసుకుంటారు.

సూళగిరి, గురువారం

దివ్యశ్రీ అమ్మకు శ్రీరంగప్ప మళ్లీ మళ్లీ ఆశీర్వదించి రాసేది.

గోడలు మళ్లీ కట్టించాం. ఇక మీ సలహా సంగతి. మా పడమటి గోడ వంటశాలది, దానికి ఉన్నవే రెండు కిటికీలు. రెండింటిలో మూడు ఎలా మూయాలో ఎవరికీ తెలియలేదు. ఉన్న రెండూ మూసేసి, మూడోది మీకు బాకీ పెట్టుకున్నాం. ఒకటి ఉంచుదామంటే కిటికీలు సరిసంఖ్యలో ఉండాలి, ఒంటి కిటికీ ఇంటికి కీడని వంటశాల చూసే మా గంగక్క ఒప్పుకోలేదు. ఇప్పుడు వంటశాలలో పొగ తప్ప ఏమీ కనబడదు. మా ఊళ్లో ప్లాను గీసేవాళ్లు తూర్పు వాకిలిని దేవుడి పటంలా పైన పెడతారు. మీ కంప్యూటరు పైనున్నది ఉత్తరం అనుకుందేమో అడిగి చూడండి.

ఇట్లు,
దగ్గుతూ, శ్రీరంగప్ప

తా.క.: పొగలో గంగక్క నాకు కాఫీ అనుకుని చింతపండు రసం ఇచ్చింది. తాగేశాను. బాగుంది.

హోసూరు, శుక్రవారం

శ్రీరంగప్ప గారికి నమస్కారాలు, క్షమాపణలు.

తప్పు నాదే. ప్లానులో పైవైపు ఉత్తరమే అనుకున్నాను. అందుకే మీ ఉత్తరపు గోడ నాకు పడమర అయి కూర్చుంది. వంటశాల కిటికీలు వెంటనే తెరిపించండి. కట్టడాన్ని తొంభై డిగ్రీలు తిప్పేశాను, ఇప్పుడు అంతా సరిగ్గా ఉంది.

ఇట్లు,
సిగ్గుతో, దివ్యశ్రీ

తా.క.: నిన్న మా హాస్టల్లో కిటికీలు లెక్కపెడుతూ నిద్రపోయాను. కలలో కూడా మీరే కొట్టించేశారు.

సూళగిరి, శనివారం

దివ్యశ్రీ అమ్మకు ఆశీస్సులు.

తిప్పమన్నారని మునిరాజ్‌కు చెప్పాను. "పునాదిని తిప్పే మేస్త్రీ యాడా పుట్టలేదప్పా. కావాలంటే వాకిలి తిప్పుతా" అన్నాడు. తూర్పు వాకిలి మూసి దక్షిణానికి తెరిచాం. ఆ వైపు రామప్ప టమాటా తోట. పెళ్లికొడుకు గట్టు మీద నడిచి రావాలి.

ఇట్లు,
దక్షిణముఖుడైన శ్రీరంగప్ప

తా.క.: వంటశాల కిటికీలు తెరవలేదు. మళ్లీ మీ ఉత్తరం వస్తుంది కదా, అన్నీ ఒకేసారి చేద్దామని.

హోసూరు, సోమవారం

శ్రీరంగప్ప గారికి,

నేను తిప్పింది కంప్యూటర్లోని బొమ్మనండీ! మీ ఉత్తరాలు పట్టుకుని ఉపేంద్ర గారి ముందు ఏడ్చేశాను. ఆయన హడలిపోయి ఆఫీసు ఖర్చుతో నలుగురు మేస్త్రీలను రేపు పొద్దున్నే పంపుతున్నారు. వంటశాలకు రెండు కిటికీలు, తూర్పుకు వాకిలి తెరవాలి, దక్షిణం వాకిలి మూయాలి అని ఆర్డరు మీద సంతకం పెట్టారు. ఏసీ లెక్క సరిచేసి కంపెనీకి పంపేశాను. పెళ్లి చల్లగా జరుగుతుంది.

ఇట్లు,
దివ్యశ్రీ

తా.క.: కాగితంలో ఉన్నది ఒక్కటీ వదలొద్దని, ఎవరు వద్దన్నా ఆగొద్దని మేస్త్రీలకు మరీ మరీ చెప్పారు.

సూళగిరి, మంగళవారం, చాలా అర్జెంటు

తల్లీ దివ్యశ్రీ,

మండపంలో ఒక్క ఇటుక కూడా కదల్లేదు. గోడలు, కిటికీలు, వాకిలి అన్నీ ప్లానులో ఉన్నట్టే ఉన్నాయి. మునిరాజ్ పని ముగించుకుని బాగలూరులో పూల షెడ్లు కట్టడానికి పోయి చాలా రోజులైంది. అతను అన్నాడని రాసినవన్నీ నా మాటలే. "బొమ్మ తప్పుగా ఉంది, దయచేసి చూడండి" అని పోయిన నెలంతా వినయంగా రాశాను. మీ ఆఫీసులో ఒక్కరూ పలకలేదు. గోడ కొట్టేశానని రాస్తే మర్నాడే జవాబు వచ్చింది! ఆ రుచి మరిగాను. నువ్వు ఏడ్చావని చదివాక వెంటనే నిజం రాయడానికి కూర్చున్నాను. పెద్దవాణ్ణి, సిగ్గుగా ఉంది. క్షమించు. పెళ్లికి తప్పకుండా రావాలి.

ఇట్లు,
అబద్ధాల శ్రీరంగప్ప

తా.క.: మేస్త్రీలు వచ్చేశారు. నేను చెబితే వినరట, ఆఫీసు సంతకం ఉన్న కాగితం కావాలట. గంగక్క "రాసింది నువ్వే కదా, పోయి గోడకు అడ్డం నిలబడు" అంటూనే వాళ్లకు ఇడ్లీల మీద ఇడ్లీలు వడ్డిస్తోంది. మూయాల్సిన దక్షిణం వాకిలి ఎక్కడా కనబడక వాళ్లు తలలు పట్టుకున్నారు. "కాగితంలో ఉండాది కదప్పా, మూయాల్సిందే. ముందు ఒక వాకిలి తెరుస్తాం, ఆ పైన మూస్తాం" అని ఇప్పుడే తేల్చారు. ఇడ్లీలు అయిపోవచ్చాయి. పని ఆపమని కాగితం రాసి, ఉపేంద్ర గారి సంతకం పెట్టించి వచ్చే బస్సుకే పంపు తల్లీ!