పొగగొట్టం పలకకు కన్నం

చిరంజీవి తమ్ముడు తౌనోకి,

అక్క ఐలి దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను కదులుతూ మెదులుతూ ఉన్నాను. పక్కింటి సైమి కూడా బాగానే ఉంది. అక్కడ నువ్వు క్షేమమనే అనుకుంటున్నాను. అనుకున్నాక మళ్లీ దిగులేసి అడుగుతున్నాను, నిజంగా బాగున్నావా? పోయిన ఉత్తరంలో నీ అక్షరాలన్నీ కుడివైపుకి వాలిపోయి ఉన్నాయి. చెయ్యి వణుకుతోందా, లేక బస్సులో కూర్చుని రాశావా?

ఇవన్నీ ఫోన్లో అడగొచ్చు. కానీ నీకు చెవి సరిగా వినపడదు, వినపడలేదని ఒప్పుకోవు, అన్నిటికీ ఔనౌను అంటావు. ఈసారి నేను చెప్పబోయేదానికి ఔనౌను అంటే కుదరదు. అందుకని స్టాంపు ఖర్చుకి వెనకాడకుండా కాగితం ముందు కూర్చున్నాను. నాది అంతంతమాత్రం చదువని నీకు తెలుసు. తప్పులు నవ్వుకుని దిద్దుకో.

అక్కడ స్వీడన్‌లో అద్దె పెంచారనీ, ఫ్యాక్టరీ పింఛను ఎటూ చాలడం లేదనీ రాశావు. "ముసలివాళ్లం ఇద్దరం రెండు దేశాల్లో రెండిళ్లు వెచ్చబెట్టుకోవడం ఎందుకక్కా, ఇద్దరికీ నీ ఇంట్లో ఒక్క పొయ్యి చాలదా" అని అడిగావు. అది నేను ఎన్నాళ్లనుంచో అడగాలనుకుని, నీ బతుకు నీది కదా అని మింగేసిన మాట. నెలాఖరులోగా ఇల్లు ఖాళీ చేస్తానని రాసివ్వాలనీ, ఒకసారి వదులుకుంటే నీ వయసువాడికి ఆ ఊళ్లో మళ్లీ ఇల్లు ఇవ్వరనీ నువ్వే అన్నావు. వచ్చెయ్ అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాశాను కూడా. కవరు అంటించి, బూట్లు వేసుకుని, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి చింపేశాను. ఎందుకు చింపానో చెబుతాను. కాస్త కుదురుకోనీ. ముందు నువ్వడిగిన మిగతావాటికి జవాబులు రాస్తాను.

ఎలా నెట్టుకొస్తున్నావని అడిగావు. మేడమీది గది మూసేశాను. మెట్ల దగ్గర పాత కంబళి వేలాడదీసి, అంచులు మేకులతో కొట్టాను. కిటికీ సందుల్లో పాత గుడ్డలు దోపి, పైన మైదా జిగురుతో కాగితం అంటించాను, అమ్మ చేసినట్టే. ఇప్పుడు వంటగదిలోనే మంచం, వంటగదిలోనే బతుకు. కరెంటు ధర గంటగంటకీ మారుతుందట. సైమి తన ఫోన్లో చూసి, "ఇప్పుడు చవక, ఉతుక్కో" అని గోడ మీద కొడుతుంది. ఆ చప్పుడు వినగానే ఎక్కడున్నా లేచి పరుగెత్తి మిషను వేస్తాను. బతుకంతా ఎవరో ఒకరు పిలిస్తే పరుగెత్తడంతోనే సరిపోయింది.

రొట్టెల పొయ్యి వారానికి రెండుసార్లు వెలిగిస్తాను. ఒకసారి వేడెక్కిన ఇటుకని ఊరికే చల్లారనివ్వను. ముందు రై పిండి రొట్టెలు. అవి దిగాక మాంసం కుండ. అది దిగాక ఆ మిగులు వేడిలో బార్లీ జావ. ఆ తర్వాత ఎండు రొట్టె ముక్కలు పెడతాను, గట్టిపడితే నెలల తరబడి ఉంటాయి. ఆఖరికి తడిసిన మేజోళ్లు ఇటుక మీద ఆరేస్తాను. కాఫీ మాత్రం నన్ను ఓడించింది. పిప్పిని రెండోసారి మరగబెట్టి సైమికి పోశాను. ఒక గుక్క తాగి కప్పులోకి చూసింది.

"ఏమే ఐలీ, ఇది కాఫీయా, కాఫీ సంవత్సరీకమా?"

"ధర చూశావా ఎంత పెరిగిందో?"

"చూశాను. చూసే అంటున్నా, సగం కప్పు పొయ్, కానీ కాఫీ పొయ్. జీవితమంతా బస్సు నడిపాను, డిపోలో కూడా ఇంత ఘోరం తాగలేదు."

అప్పట్నుంచీ సగం కప్పే పోస్తున్నాను. బజారులో కొట్టు మూసే ముందు రొట్టె, మాంసం బాగా తగ్గించి అమ్ముతారు. అక్కడ నాలాంటి ముసలివాళ్లం ఒకరినొకరు చూడనట్టు నటిస్తూ అరల దగ్గర తచ్చాడతాం. మొదట్లో సిగ్గేసేది. ఇప్పుడు అలసటే తప్ప సిగ్గు లేదు.

శనివారం సౌనాలో ఆవిరి స్నానం మాత్రం మానలేదు. కట్టెలు పొదుపు చేయడానికి ఒక వారం సైమి పెరటి సౌనా కాగుతుంది, ఒక వారం నా పెరటిది. ఇద్దరం కలిసి స్నానం చేస్తాం, మిగిలిన వేడినీళ్లతో దుప్పట్లు ఉతుక్కుంటాం. మోకాళ్ల సంగతి అడిగావు. ఆ ఒక్క గంటా నొప్పి ఉండదు. మిగతా వారమంతా ఉంటుంది.

నీ సామాను సంగతి. బల్ల, అలమర అమ్మెయ్యనా అని అడిగావు. ఇప్పుడే అమ్మకు. ఏదీ అమ్మకు. ఈ ఉత్తరం మొత్తం చదివేదాకా ఎవరికీ ఏమీ రాసివ్వకు. చదువుతున్నావా తౌనో? ఇక్కడ ఆపి కాఫీ పెట్టుకోవడానికి లేవకు.

క్రిస్మస్ తర్వాత నువ్వు ఫోన్ చేసినప్పుడు జ్వరం తగిలిందనీ, రెండు రోజులు మంచం దిగలేదనీ చెప్పాను. అది జ్వరం కాదు.

గోడల్లో వేడినీళ్ల గొట్టాలున్న ఇంట్లో ఇన్నేళ్లు బతికావు, పొయ్యి సంగతులు మరిచిపోయి ఉంటావు. పొయ్యి పైన పొగగొట్టాన్ని మూసే ఇనుప పలక ఉంటుంది కదా. కట్టెలు కాలి నిప్పులయ్యాక ఆ పలక మూసేస్తే వేడి ఇటుకల్లోనే నిలుస్తుంది. తెరిచి ఉంచితే గొట్టంలోంచి ఆకాశానికి పోతుంది. కానీ నిప్పుల మీద నీలిమంట ఆడుతున్నంతసేపూ ముయ్యకూడదు. మూస్తే రంగూ వాసనా లేని విషపు గాలి గదిలోకి దిగుతుంది. మన వైపు పిల్లలకి నడక కంటే ముందు నేర్పేది ఇదే. నీకు నేర్పింది నేనే. చెయ్యి మీద ఒకటి వేసి మరీ నేర్పాను.

ఆ పలకకి చిన్న కన్నం ఉంటుంది. తొందరపడి మూసినా ఆ కాస్త గాలి పైకి పోవడానికి. నాకది తెలుసు. కానీ ఈ చలికాలం మంచం మీద పడుకుని పొయ్యి వైపు చూస్తూ ఉంటే, ఆ కన్నంలోంచి నా కట్టెలు, నా పింఛను బొటబొటా కారిపోతున్నట్టు అనిపించేది. వేరే ఏమీ ఆలోచించలేకపోయేదాన్ని. ఒకరోజు తడి బంకమన్ను తెచ్చి, కుర్చీ ఎక్కి, ఆ కన్నం పూడ్చేశాను. ఆ వారం గది కాస్త వెచ్చగా ఉన్నట్టే అనిపించింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ శనివారం సౌనా వంతు నాది. మధ్యాహ్నం రొట్టెలు కాల్చాను. బయట చలి గోళ్లు పట్టి లాగేలా ఉంది. మేం స్నానం చేసి వచ్చేసరికి గది వెచ్చగా ఉండాలని, నిప్పుల మీద నీలం ఇంకా ఆడుతుండగానే పలక మూసేశాను. చూశాను తౌనో. నీలం చూసే మూశాను. కాస్తే కదా, ఆరిపోతుందిలే అనుకున్నాను.

స్నానం నుంచి వచ్చి కాఫీ తాగుతూ కూర్చున్నాం. తల బరువెక్కింది. కాళ్లు నావి కానట్టు ఉన్నాయి. సైమి కళ్లు మూతలు పడుతున్నాయి.

"ఇవాళ ఆవిరి ఎక్కువైందే," అంది.

"నువ్వే కదా రాళ్ల మీద నీళ్లు పోస్తూనే ఉన్నావు," అన్నాను.

"పొయ్యకపోతే అది సౌనా కాదు, పెట్టెలో కూర్చోవడం."

ఇద్దరం నవ్వుకున్నాం. ఎప్పుడూ స్నానం అయ్యాక అలాగే ఉంటుంది కదా, ఒళ్లంతా దూదిలా, నిద్ర ముంచుకొస్తూ. అందుకే అనుమానం రాలేదు. నేను బల్ల మీద తల వాల్చేశాను. సైమికి కడుపులో తిప్పి, చల్లగాలికి వెళ్దామని లేచింది. తలుపు గడియ తీసి, అలాగే గుమ్మం మీద సగం లోపల, సగం మంచులో పడిపోయింది. ఆ పడటమే మమ్మల్ని బతికించింది. తలుపు తెరుచుకుని చలి లోపలికి కొట్టింది. కాసేపటికి ఆమెకి స్పృహ వచ్చి, పాక్కుంటూ వచ్చి నా కాలు పట్టుకుని లాగింది. తన ఫోన్లోనే అంబులెన్సుని పిలిచింది. ఇద్దరికీ ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టి గాలి పట్టించారు. పక్కపక్క మంచాల మీద ఉన్నాం. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఇంటికొచ్చాక పొయ్యి పరీక్షించడానికి పొగగొట్టాలు శుభ్రం చేసే అమ్మాయిని పంపారు. ఇంకెరి అని, మసి పూసుకున్న చిన్న ముఖం, నా మనవరాలి వయసు ఉండొచ్చు, నాకు మనవరాలంటూ ఉంటే. కుర్చీ ఎక్కి చేయి పెట్టి మట్టి ముద్ద ఊడదీసి నా ముందు పట్టింది.

"అవ్వా, ఇదెవరు పెట్టారు?"

"ఎలుకలై ఉంటాయి," అన్నాను.

సైమి బెంచీ మీద కూర్చుని అంతా వింటోంది. "మీ ఇంట్లో ఎలుకలు తాపీపని ఎప్పుడు నేర్చుకున్నాయే?" అంది.

ఆ అమ్మాయి నవ్వలేదు. "అవ్వా, మిమ్మల్ని తిట్టడానికి రాలేదు. పోయిన చలికాలం ఇలాంటి ఇంట్లోంచి ఇద్దరిని బయటికి మోయించాను. ఈ ఒక్క మాట మాత్రం నిజం చెప్పండి," అంది.

చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను. ఆ అమ్మాయి వెళ్లాక సైమి పళ్లెం ముందుకి జరిపి, "రొట్టె కొయ్యి, ఆకలేస్తోంది," అంది. నేను కోస్తుంటే ముక్కలు వంకరగా వచ్చాయి. ఆమే కత్తి తీసుకుని కోసింది. కోసి నా ముక్క మీద వెన్న దట్టంగా రాసింది, నేనెప్పుడూ రాసుకోనంత దట్టంగా.

ఇప్పుడు విషపు గాలి వస్తే కూసే పెట్టె ఒకటి గోడకి ఉంది. ఇంతకు ముందే కొనుక్కోమని సైమి చెబితే, అంత ధర పెట్టి కూత కొనుక్కోవడం ఎందుకన్నాను. పొయ్యి వెలిగించినప్పుడల్లా సైమి తలుపు తట్టి, "ఏదీ, నీ నిప్పులు చూపించు," అంటుంది. చంటిపిల్లలా చూపిస్తాను. నీలం పూర్తిగా పోయాక, ఇంకా చాలాసేపు, పలక తెరిచే ఉంచుతాను. వేడంతా పైకి పోతుంటే చూస్తూ కూర్చుంటాను. ప్రాణం ఉసూరుమంటుంది. ఆ పోయేది చూస్తుంటే ఇప్పటికీ పలక ముయ్యడానికి చెయ్యి లేస్తుంది తౌనో. అదీ నా భయం. తెలియక చేసినదైతే మళ్లీ చెయ్యనని చెప్పగలను. నేను తెలిసే చేశాను.

నువ్వు వస్తే ఆ వంటగదిలోనే, పొయ్యి పక్కనే నీ మంచం వెయ్యాలి. నేను వెయ్యగలను, నీకు దుప్పటి కప్పగలను. నా పక్కన నిశ్చింతగా నిద్రపోవచ్చని మాత్రం నేను చెప్పలేను. అందుకే ఆ మొదటి ఉత్తరం చింపేశాను. ఇదేమీ చెప్పకుండా వచ్చెయ్ అని రాసి, నువ్వు ఉన్న ఇల్లు వదులుకుని వచ్చాక ఎప్పుడో సైమి నోట వింటే, అప్పుడు నీకు వెనక్కి వెళ్లడానికి ఏమీ ఉండదు. దానికంటే ఇప్పుడే వినడం మంచిది.

రెండు చలికాలాలుగా ఒక్కదాన్నే లెక్కలు చూసుకుంటూ ఉన్నాను. ఎవరికీ చెప్పకుండా లెక్కలే చూసుకుంటూ ఉంటే మనిషికి లెక్కలే కనబడతాయి. అది సాకు అనుకో, నేనేమీ కాదనను. అలిసిపోయాను తమ్ముడూ. అంతే.

కాబట్టి నా మాట విను. ఇల్లు ఖాళీ చేస్తానని రాసివ్వకు. ఇంటివాళ్లని అడిగి కొన్నాళ్లకి ఎవరికైనా అద్దెకివ్వు, ఇవ్వనిస్తారేమో కనుక్కో. చిన్న పెట్టె ఒకటి పట్టుకుని రా. ఈస్టర్ దాకా ఉండు. పలక తీసే పని, మూసే పని నీది, నేను ముట్టుకోను, ముట్టుకుంటే చెయ్యి మీద ఒకటి వెయ్యి. మీ అక్క పక్కన నీకు నిద్ర పడుతుందో లేదో నువ్వే చూసుకో. పట్టకపోతే చెప్పేసి బయలుదేరు. నేనేమీ అనుకోను.

అనుకుంటాను. కానీ పైకి అనను. ఓడ ఎక్కేదాకా దారిలో తినడానికి రొట్టె కట్టిస్తాను.

ఇట్లు,
నీ మేలు కోరుతూ, నీ దగ్గర నిజం దాచినందుకు తలదించుకుని,
మీ అక్క
ఐలి