మన దేశం కుర్చీలో కాసేపు

బుధవారం, పొద్దుగూకే వేళ

బుజ్జమ్మా,

సౌభాగ్యవతి అంటూ కోడలికి రాసే పెద్ద పెద్ద పలకరింపులన్నీ నా కొడుకు ఉన్నప్పటివి. అవి రాయబోతే కలం సాగలేదు. అందుకే ఇంట్లో పిలిచినట్టే పిలుస్తున్నాను. నేను బాగానే ఉన్నాను, నువ్వూ క్షేమమని తలుస్తాను. నా కోడిగీతలు చదవలేకపోతే పక్కవాళ్లకు చూపించకు, పరువు పోతుంది.

పరాయి దేశంలో కృత్రిమ కాళ్ల పని నేర్చుకునే ఆరు నెలల శిక్షణ అయిపోవచ్చింది, ఇంకో ఏడాది పొడిగిస్తే ఉండనా, వచ్చెయ్యనా అని అడిగావు. నన్నడుగుతావేం తల్లీ? నాకైతే నువ్వు రేపే వచ్చెయ్యాలని ఉంది. అబద్ధమాడితే వాడి చెవులు ఎలా ఎర్రబడేవో నాతో చెప్పుకునే మనిషివి నువ్వొక్కదానివే. మీరిద్దరూ కలిసి కృత్రిమ కాళ్లు తయారుచేసిన ఆ షెడ్డు దారిన నేను పోవడమే మానేశాను.

సరే, అసలు సంగతి విను. మీ శిక్షణ విషయం తేల్చడానికి నాలుగు దేశాల వాళ్లు నేను టీ ఇచ్చే ఆఫీసుకే వచ్చారు. గోడకు కట్టిన బ్యానరు కూడబలుక్కుని చదివాను. నూతన ఆవిష్కరణల విధానంలోను, నైపుణ్యాల పెంపుదలలోను అంతర్జాతీయ సహ... అక్కడితో గోడ అయిపోయింది. మిగతాది బీరువా వెనక్కి పోయింది.

పొద్దుటంతా కొత్త అంటే ఏమిటో తేల్చుకోవడంతోనే సరి. ఒక దేశానికి కొత్తది ఇంకో దేశానికి పాతదట. టీ మాత్రం అన్ని దేశాలకూ ఒకేలా చల్లారిపోయింది.

మన తరఫున కూర్చోవలసింది చూద్దాం సారు. ఏమడిగినా చూద్దాం అంటాడు గనక ఆయనకు ఆ పేరు. భోజనం చేసి పైకొస్తూ లిఫ్టులో ఇరుక్కుపోయాడు. కప్పులు ఏరుతున్న నాకు మోకాళ్లు లాగేసి, ఖాళీ కుర్చీ కనబడితే చతికిలబడ్డాను. ఎదురుగా చిన్న జెండా, మైకు. ఆ సమావేశాల పద్ధతేమిటంటే, జెండా వెనక ఎవరు కూర్చుంటే వాళ్లే ఆ దేశం. నాకేం తెలుసు!

లేవబోయేలోగా పక్కాయన మర్యాదగా నా చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించాడు. అద్దాల గదిలోంచి దుబాసీ పిల్ల అన్నీ మన భాషలో చెబుతోంది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను ఆరు నెలలకే పంపెయ్యాలా, ఇంకో ఏడాది ఉంచాలా అని అధ్యక్షురాలు అడిగింది. ఇళ్లల్లో ఎదురుచూస్తుంటారు, పంపెయ్యాలన్నాడు పక్కాయన. ఆయన చల్లగా ఉండాలి. సగం నేర్చి వెళితే ఏం లాభం, ఉంచాల్సిందేనంది ఇంకొకావిడ. ఆవిడ మొహం చూడబుద్ధి కాలేదు. ఇద్దరూ బల్ల గుద్ది వాదించుకున్నారు. చివరికి అందరూ నావైపు తిరిగారు. మైకు మీద ఎర్రదీపం వెలిగింది.

నేను మాట్లాడాను. ఏం మాట్లాడానో ఇప్పుడే రాయలేను. దుబాసీ పిల్ల ముక్కు తుడుచుకుని, వాళ్ల భాషలో చెప్పింది. అందరూ రాసేసుకున్నారు.

అప్పుడొచ్చాడు చూద్దాం సారు, జుట్టు రేగిపోయి. మీ దేశం ఇంత గట్టిగా మాట్లాడటం ఇదే మొదటిసారి అంటూ అధ్యక్షురాలు ఆయన చెయ్యి పట్టి ఊపేసింది. ఆయన నన్ను చూశాడు, నా టీ ట్రేను చూశాడు. కాదంటే, దేశం కుర్చీలో టీ ఇచ్చే ఆవిడ కూర్చుందని ఒప్పుకోవాలి. జుట్టు సర్దుకుని, అవునండీ, మా మాట అదేనండీ అన్నాడు.

కింద వంటమేస్త్రి తగులుకున్నాడు, కప్పులు ఏరుకు రావమ్మా అంటే దేశాన్ని ఏలి వచ్చావా అని. రేపు నీ వంటగదిని ఇంకో దేశానికి రాసిచ్చేస్తాను, నోరు మూసుకో అన్నాను.

ఇక ఉంటాను.

మీ అత్తమ్మ

తా.క. బుజ్జమ్మా, మా పిల్లను పంపెయ్యండి అందామనే నోరు తెరిచాను. నువ్వొస్తే మనిద్దరం ఎదురెదురుగా కూర్చుని వాడి ఫొటో చూస్తూ ఉండిపోతామని అప్పుడు తోచింది. ఏడవడానికి నేనొక్కదాన్ని చాలు. నా కొడుకు పోయాడు, కోడలు మీ దగ్గరుంది, పని పూర్తిగా నేర్చుకునేదాకా దాన్ని పంపకండి, నేనే వచ్చి కాళ్లావేళ్లా పడినా పంపకండి అన్నాను. అదే దేశం మాటయి కూర్చుంది. నీకు ఇంకో ఏడాది ఇచ్చారు. ఇకమీదట నా ఉత్తరాల్లో వచ్చెయ్యమని ఎన్నిసార్లు రాసినా పట్టించుకోకు. వేళకు కడుపునిండా తిను.