కాకి దిగని గడ్డి

బుజ్జీ,

నువ్వు నీళ్లు పోసి పెంచిన గడ్డి, బోరు ఎండిపోయాక నిలవలేదు. "ఇదైతే ఎప్పుడూ పచ్చగా ఉంటాదమ్మా" అంటూ మీ అన్న చింతామణి టౌను నుంచి మనుషులను పిలిపించి ఇంటి ముందర ప్లాస్టిక్ గడ్డి పరిపించాడు.

ఈరోజు నువ్వు పోయిన దినం. నీకిష్టమైన చిత్రాన్నం, అలసంద వడలు ఆకులో పెట్టి, ఏటా పెట్టే చోటే, ఆ గడ్డి మీద ఉంచాను. కాకి గోడ మీద నుంచి చూసిందే గాని కిందికి దిగలేదు. అది ముట్టనిదే నీకు చేరదు కదా.

"ఈ గడ్డిని చూసి బెదురుతాండాదమ్మా, ఉండు" అని మీ అన్న కత్తి తెచ్చి, కొత్త గడ్డిని ఆకు పట్టేంత కోసేశాడు. కింద మన మన్ను కనిపించింది. ఆకు అక్కడికి జరిపి, ఇద్దరమూ తలుపు చాటుకు వచ్చేశాము.

మన్నే బుజ్జీ, బెదరొద్దు. దిగి వచ్చి కడుపు నిండా తిను.