మెల్లకన్ను మంచిదన్నావు, అన్నా

కర్ఖేలిలో ఉన్న గంగారాం అన్నకు నాందేడ్ నుంచి నీ చెల్లె పోశవ్వ దండం పెట్టి రాసేది. నేను బాగానే ఉన్నాను. వదినె మోకాళ్లు ఎట్లున్నాయి? పిల్లలంతా క్షేమమని తలుస్తాను. ఫోన్‌లో అయితే నా మాట సగంలోనే కోసేస్తావు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. హాస్టల్ పిల్లలకు జొన్నరొట్టెలు చేస్తున్నాను. రోజంతా మరాఠీలోనే మాట. మన మాట మాట్లాడడానికి నా బిడ్డ సుజాత ఉండేది. అది పోయి ఎనిమిది నెలలు. బాగానే ఉన్నాను, రంది పడకు.

మొన్న వీడియో కాల్‌లో నీ మనవరాలు అక్షరను చూపించి నవ్వావు. "సూడు పోశవ్వా, కుడికన్ను ముక్కు దిక్కు పోతుంది. మనింట్ల మళ్ల సుజాత పుట్టింది!" అన్నావు.

నా బిడ్డ కూడా ఆ వయసులో ఉన్నప్పుడు దవఖానకు తీసుకుపోతానంటే ఏమన్నావు? "పిచ్చిదానివా? మెల్లకన్ను అదృష్టమే. డాక్టర్ల చేతుల పెట్టి చెడగొట్టుకుంటవా?" నీ ఒక్కడి తప్పే అనను. అదృష్టమంటే వినడానికి నాకూ తియ్యగా ఉండింది. దిష్టి తగలకుండా కాటుక పెట్టి మురిసిపోయాను.

పోలీసు ఉద్యోగాల భర్తీకి పోతే, కళ్ల పరీక్షలో మంచికన్ను మూసి చదవమన్నప్పుడు బయటపడింది. పెద్ద అక్షరం కూడా దానికి ఆనలేదు. ఇంటికొచ్చి నన్ను అడిగింది: "అవ్వా, అందరికి ఒక్క కన్నే మంచిగ కనవడ్తదనుకున్న. గట్ల కాదా?"

తర్వాత ఇక్కడ బట్టల దుకాణంలో పనికి కుదిరి నన్నూ పిలిపించుకుంది. సూదిలో దారం ఎక్కక తిట్టుకుంటుంటే అద్దాలు కొనిచ్చింది. "నలబై దాటినయి గదనే, అందరికి అయ్యేదే" అని నవ్వింది.

రోడ్డు దాటుతుంటే సుజాతను లారీ కొట్టింది. కన్ను వల్లే అని ఎవరూ చెప్పలేదు. కానీ గ్లాసులో పోసే నీళ్లు పక్కన పోసేది నా బిడ్డ. వచ్చే లారీ ఎంత దూరముందో దానికెట్ల తెలుస్తుంది?

నాకిప్పుడు కంట్లో శుక్లం వస్తోంది. చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరమ్మను అక్షర సంగతి అడిగాను. "నీ శుక్లం కొన్ని నెలలు ఆగుతుంది, పసిదాని కన్ను ఆగదు" అంది. అద్దాలు పెట్టి, మంచికన్నుకు రోజూ కాసేపు పట్టీ వేసి, మెల్లకన్నుకు చూడడం నేర్పాలట. ఏడెనిమిదేళ్లు దాటితే చూపు రావడం కష్టమట. అక్షరకు నాలుగే.

పట్టీ వేస్తే పిల్ల పీకేస్తుంది, ఏడుస్తుంది. మళ్లీ వేయాలి. వదినె జాలిపడి తీసేయకూడదు. వాడకట్టంతా నవ్వితే నవ్వనీ.

పచ్చడి, పప్పు ఏమీ పంపొద్దు. సోమవారం ధర్మాబాద్‌లో రైలెక్కి పిల్లను తీసుకురా. స్టేషన్‌లో నిలబడి ఉంటాను.

మన చిన్నమ్మకు నా దండాలు చెప్పు. పెద్దవాడివి, నీ దీవెన అడగాలి. ఈసారి అడగను. నువ్వు రాకపోతే నేనే వచ్చి, ఊరంతా చూస్తుండగా నీ వాకిట్లోంచి పిల్లను ఎత్తుకొస్తాను. ఆ తర్వాత నన్ను చెల్లె అనకపోయినా సరే.

ఇట్లు,
సుజాత అవ్వ
పోశవ్వ