పురుగు లేదన్న రిపోర్టు

జూన్ 9

హరీష్ పోరు పడలేక మేడ్చల్ రోడ్డులో ఆస్పత్రికి వెళ్ళాను. రెండు నెలలుగా పిల్లికూతలు, ఒంటి నిండా దద్దుర్లు. కన్నకొడుకు కదా, కారు నడిపినంతసేపూ నన్ను తిట్టాడు.

డాక్టర్ పేరు రోజారాణి. నా బుల్లెట్ బండి వయసంత లేదు. రక్తం తీయించింది. అందులో ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు ఇరవై నాలుగు శాతమట, ఆరు దాటకూడదట. కడుపులో పురుగులు ఉండొచ్చంది. మూడు రోజులు మూడు డబ్బాల్లో మలం తెచ్చి ఇవ్వమంది. పిల్లికూతలు ఛాతీలో, టెస్టు మలానికి. ఆడలేక మద్దెల ఓడన్నదట.

ఎప్పుడైనా చెప్పులు లేకుండా పొలంలో తిరిగారా అని అడిగింది. హరీష్ పక్కనే ఉన్నాడు. పదేళ్ళు సర్పంచ్‌గా చేసినవాణ్ని, బురదలో దిగి ఎరగనన్నాను. అబద్ధం. పదహారేళ్ళ దాకా దేవరయాంజాల్ పొలంలో నాయిన నాతో పెంట చల్లించాడు, నాగలి పట్టించాడు. కాళ్ళకు చెప్పులు ఎక్కడివి? ఆ సంగతి ఈమెకెందుకు? ఆ పొలం ఇప్పుడు వెంచర్. గేటు దగ్గర ఫౌంటెన్ కూడా పెట్టించాను.

జూన్ 10

డబ్బాల కోసం ల్యాబ్‌కు పోతే కౌంటర్‌లో అంకిత. బుచ్చవ్వ మనవరాలు. వాళ్ళవ్వ మా మళ్ళలో నాట్లు వేసిన మనిషి. నన్ను చూసి లేచి నిలబడింది. పటేలా బాగున్నవా అంది. పొద్దుగాల్లది తేవాలె, మూత గట్టిగ పెట్టాలె, పేరు నేనే రాస్త అని చెప్పింది. నవ్వలేదు. నవ్వినా బాగుండేది, నాలుగు తిట్టేవాణ్ని.

నా మలం ఆ పిల్ల చేతికా? గాజు పలక మీద పూసి కన్ను పెట్టి చూస్తుందట. సాయంత్రం వాళ్ళవ్వకు చెప్పకుండా ఉంటుందా? తెల్లారేసరికి శామీర్‌పేట చెరువు దగ్గర చేపలమ్మే వాళ్ళంతా, అంజయ్య పటేల్ కడుపుల పురుగులున్నయంట అని ఒకటే నవ్వు. పురుగులు కూలీనాలీ వాళ్ళకు ఉంటాయి. నేను కౌన్సిలర్ టికెట్ అడుగుతున్నవాణ్ని.

ఇవ్వను గాక ఇవ్వను.

జూన్ 11, ఉదయం 7

దారి దొరికింది. మనవరాలు ఇషిత. మూడేళ్ళది. కోడలు దాని కాలు నేల మీద పెట్టనివ్వదు. బంతి కూడా శానిటైజర్‌తో తుడుస్తుంది. అయినా గుడ్డు తింటే దాని మూతి ఉబ్బుతుంది, దుమ్ము తగిలితే ముక్కు కారుతుంది. అంత శుభ్రమైన పిల్ల పొట్టలో పురుగెక్కడిది?

అది దొడ్డికి కూర్చునే పాటీ ఖాళీ చేయకముందే చెంచాతో తీసి డబ్బాలో వేశాను. సత్యమ్మ చూసింది. పుట్టినప్పటిసంది దాని పక్కబట్ట మార్సనోనివి, ఇయ్యాల పాటీ కడుగుతున్నవా అని ముక్కు మీద వేలేసుకుంది. పెళ్ళామై నలభై ఏళ్ళు, ఒక్కనాడూ అనుమానపడడం చేతకాలేదు ఆమెకు. కోడలు వాళ్ళమ్మకు ఫోన్ చేసి, తాతకు పిల్లంటే ప్రాణమని మురిసిపోతోంది. ఇంట్లో ఉన్న తెలివంతా నా దగ్గరే ఉన్నట్టుంది.

జూన్ 12

రెండో డబ్బా.

జూన్ 13

పిల్లకు మలబద్ధకం. రెండు అరటిపండ్లు తినిపించి గంటన్నర కాపలా కాశాను. మూడో డబ్బా.

జూన్ 16

రిపోర్టు వచ్చింది. మూడూ క్లీన్. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. నమ్మబుద్ధి కాలేదని ముఖమే చెప్పింది.

తర్వాత పెద్ద క్లాసు పీకింది. ఒక రకం సన్నపురుగు అరికాలి చర్మంలోంచి దూరుతుందట. మనిషిలో ముప్పై నలభై ఏళ్ళు కిక్కురుమనకుండా ఉంటుందట. అది బతకడానికి ఒంట్లోని కాపలాను జోకొడుతుంది, కాపలా మాత్రం పూర్తిగా నిద్రపోకుండా దాన్ని పెరగనివ్వదు. ఇద్దరికీ ఒక రాజీ. స్టెరాయిడ్ ఇస్తే కాపలా పడిపోతుంది. అప్పుడా పురుగులు వేలకు వేలై పేగులు తొలుచుకుని ఊపిరితిత్తుల దాకా పోతాయట. అందుకే ముందు టెస్టు చేయించాను, రిపోర్టు బాగుంది కాబట్టి ఇస్తున్నాను అంది.

పనిలో పనిగా హరీష్ ఇషిత అలర్జీ గురించి అడిగాడు. పురుగూ మట్టీ తెలియని పిల్లల్లో కాపలాకు పని లేక గుడ్డు మీదా దుమ్ము మీదా పడుతుందని కొందరు డాక్టర్లు అంటారట, ఇంకా తేలలేదట. పురుగుంటే ఒక జబ్బు, లేకపోతే ఇంకో జబ్బు. వీళ్ళ దుకాణం మూతపడే సమస్యే లేదు.

చెప్పాలంటే ఆ ఒక్క నిమిషం డబ్బాల సంగతి గొంతు దాకా వచ్చింది. హరీష్ ఫైలు సర్దుతున్నాడు. మింగేశాను.

జూన్ 24

మందు అద్భుతం! పిల్లికూతల్లేవు, దద్దుర్లు మాయం. మటన్ తిన్నాను. వెంచర్‌లో ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి మేస్త్రీని తిట్టి వచ్చాను. ఆయాసం లేదు. పురుగులట పురుగులు.

జూలై 4

మళ్ళీ రక్తం. ఈసారి ఈసినోఫిల్స్ సున్నా. హరీష్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. మందుతో అవి పడిపోతాయి, అంతమాత్రాన జబ్బు పోయినట్టు కాదు అంది. బాగైతే ఏడుస్తుంది, బాగవకపోతే మందు పెంచుతుంది. ఇట్లాంటి వాళ్ళకు డిగ్రీ ఎవడిచ్చాడో.

జూలై 11

కడుపులో మంట. నడుం దగ్గర ఎర్రటి గీత, దారమంత సన్నం. పొద్దున బొడ్డు పక్కన ఉంది. సాయంత్రానికి నాలుగు వేళ్ళు పక్కకు జరిగింది.

చొక్కా దోపుకున్నాను.

జూలై 14

వాంతులు. దగ్గితే రక్తపు జీర. సత్యమ్మ ఏడుస్తోంది. మటన్ పడలేదని చెప్పాను. నమ్మింది.

జూలై 15

అడ్మిట్ చేశారు. జ్వరం నూట మూడు. ముక్కుకు ఆక్సిజన్. మంచం చుట్టూ ఎనిమిది మంది మన పార్టీవాళ్ళు. ఒకడు నాతో ఫొటో దిగి వాట్సాప్‌లో పెట్టాడు. పరామర్శకొచ్చిన మొహాలా అవి? నేను పోతే టికెట్ ఎవడికో లెక్కలు చూసుకుంటున్నారు.

రోజారాణి పరుగున వచ్చింది. పురుగుల సంగతి మళ్ళీ అడిగింది. హరీష్ ఫైలు తెరిచి, మూడుసార్లు క్లీన్ వచ్చింది మేడమ్, లేనిదాన్నే ఎంకులాడుతున్నరు అని గద్దించాడు. అచ్చం నా గొంతే. ఆమె నావైపు తిరిగి, ఆ శాంపిల్స్ మీవేనా, ఏమైనా దాస్తున్నారా అంది. ఎనిమిది మంది చూస్తున్నారు. కాదని తల ఊపలేకపోయాను. నావేనన్నట్టు కళ్ళు మూశాను.

ఎంత నీచుణ్ని. మొదటిసారి రాస్తున్నాను ఈ మాట, నా గురించి.

జూలై 16, ఉదయం 11

ఆయాసం ఆస్తమాదే అయి ఉంటుందని పెద్ద డాక్టరు తేల్చాడు. రేపు పదింటి నుంచి స్టెరాయిడ్ రెండింతలు. హరీష్ సంతకం పెట్టాడు. నా అబద్ధాన్ని నమ్మి నన్ను చంపడానికి సంతకం పెట్టాడు వెర్రి నాగన్న. నేనే నేర్పాను, నా మాటకు ఎదురు అడగొద్దని.

అంకిత రక్తానికి వచ్చింది. దుప్పటి జరిగితే కడుపు మీది గీతలు కనబడ్డాయి. ఇప్పుడు ఆరు. ఇవి ఎప్పటిసంది పటేలా అంది. నేను దుప్పటి లాక్కున్నాను. మాట్లాడదామంటే ఆక్సిజన్ మాస్కు. మాస్కు లేకపోయినా మాట్లాడేవాణ్నా?

అయినా ఆమె నిలబడింది. డాక్టరమ్మకు సూపిస్త, ఫొటో తియ్యనియ్యి అని మెల్లగా అడిగింది. సత్యమ్మ లోపలికి రావడంతో వెళ్ళిపోయింది. నేను పిలవలేదు.

భయమేస్తోంది.

జూలై 17, ఉదయం 8

అంకితా,

ఈ కాగితం చింపి నీ చేతుల పెడుతున్న. గా మూడు డబ్బాలు నావి కావమ్మా. మా ఇషితవి. నీకు ఇయ్యనీకి నామోషై గట్ల జేసిన. నేను పదహారేండ్లొచ్చేదాక వట్టికాళ్ళతోని మడిల పనిజేసిన. పురుగులు నాకున్నయి. పదింటికి మందు పెంచకముందే డాక్టరమ్మకు చెప్పు. జల్దీ. మావోళ్ళు ఏమన్నా ఇనకు.

నాకు బతకాలనున్నది. డబ్బా తీసుకరా, నాదే ఇస్త.